చక్కెర మూట

మార్తాండరావు మెదడు గేటు దగ్గర మందు మళ్లీ ఆగిపోయింది. అందరికీ ఉన్నట్టే ఆయనకూ ఆ గేటు ఎడమ చెవి వెనకే ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీ, అందులో యాదయ్య అనే వాచ్‌మన్. లోపల నిమ్మకాయంత గడ్డ. అది మాటల గది గుమ్మం దాకా పెరిగింది. ఈ వారం మందు లోపలికి వెళ్లకపోతే ఆయనకు మిగిలిన ఒకటి రెండు మాటలు కూడా ఉండవని డాక్టరు చెప్పాడు.

మందు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, గేటు ముందు వినయంగా నిలబడి ఉంది. భార్య ప్రసూన ఆసుపత్రి మంచం మీదికి వంగి యాదయ్యతో మాట్లాడింది.

"ఏమయ్యా, ఆయన ప్రాణం కోసమే కదా వచ్చింది. పంపించొచ్చుగా?"

"బయటోళ్లను ఇడువద్దని ఆర్డర్ మేడం. సార్ పుట్టినకాడికెళ్లి ఉన్నదే."

"మరి ఆదివారం బ్రాందీ ఎలా వెళ్లేది?"

"అది అడగదు, సక్కగ పోతది. అడిగినోళ్లనే ఆపుతం."

"ఆ గడ్డ?"

"అది రాలే మేడం, లోపల్నే పుట్టింది. సొంతింటోళ్లను ఎట్ల ఆపుత?"

ప్రసూనకు తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. వాళ్ల అపార్ట్‌మెంటులోనూ అంతే. మెట్ల మీద ఉమ్మే ఓనరును ఎవరూ ఏమీ అనరు, కొరియర్ మనిషే ఎండలో నిలబడతాడు.

మధ్యాహ్నం చక్కెర వచ్చింది. చక్కెర లేనిదే మెదడుకు క్షణం గడవదు కనుక గేటు దానంతటదే తెరుచుకుంది. హమాలీలు మూటలు నెత్తిన పెట్టుకుని లోపలికి పోతున్నారు. ప్రసూన మందు చేత చొక్కా విప్పించి, కార్డు తీయించి, తలకు తువ్వాలు చుట్టించి ఒక మూట ఎత్తించింది.

"ఇన్నేళ్లు పరిశోధన చేసి నన్ను తయారుచేసింది ఇందుకా అమ్మా?" అంది మందు, చిన్నబుచ్చుకుని.

"నీ గొప్ప లోపలికెళ్లాక చూపించు నాయనా. పద."

మందు గేటు దాటింది. ప్రసూన, "ఇప్పుడెవరు వెళ్లారు యాదయ్యా?" అంది.

"సక్కెర పోయింది మేడం. మోసేటోళ్ల మొకాలు ఎవరు చూస్తరు?"

సాయంత్రం డాక్టరు ప్రసూనను బయటికి పిలిచి, మందు చేరిందని చెప్పాడు. ఆమె కాసేపు గోడకు ఆనుకుని ఏడ్చి, కళ్లు తుడుచుకుని వార్డు వైపు నడిచింది. తలుపు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"టైమైపోయిందమ్మా. భార్యైనా సరే, రేపే."

ప్రసూన కొంగు నడుముకు దోపుకుని, గోడవారనున్న బకెట్టూ తడిగుడ్డా అందుకుంది. గార్డు తలుపు తీసి పట్టుకున్నాడు.

మార్తాండరావు మేలుకునే ఉన్నాడు. ఆమె మొహం వైపు చూడకుండానే, "ఆ మంచం కింద కూడా తుడువమ్మా, పొద్దుట్నుంచీ అలాగే ఉంది," అన్నాడు.

నెలన్నరగా ఆయన నోట రెండు మాటలు కలిసి రాలేదు. ప్రసూన మనసు దూదిపింజలా తేలికైంది. వంగి, మంచం కింద శుభ్రంగా తుడిచింది.