ఆల్డ్రెక్ చావుకు ముహూర్తం

ఆ శనివారం పొద్దున డ్వేన్ మూడు పనులు పెట్టుకున్నాడు. వాకిట్లో మంచు ఎత్తిపోయడం, బేకరీలో పెకాన్ పప్పుల తీపిరొట్టె, క్రింగిల్, కొనడం, మధ్యాహ్నం చావడం. మొదటి రెండూ కాఫీ చల్లారేలోపే అయిపోయాయి. మూడోదానికి వెర్నన్ సాయం కావాలి.

చావవలసింది డ్వేన్ కాదు, ఆల్డ్రెక్. శనివారాలు వెర్నన్ ఇంటి నేలమాళిగలో బల్ల చుట్టూ చేరి ఆడే ఆటలో డ్వేన్ పాత్ర పేరది. వెర్నన్ ఒక రాజ్యాన్నీ అందులో దొంగల్నీ రాక్షసుల్నీ కల్పించి కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఏం చేస్తారో నోటితో చెబుతారు. తేలని సంగతుల్ని ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే బతుకు, చిన్నది పడితే ఖర్మ. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ ఊళ్లో చలికాలం పొడుగు కనుక ఆటా పొడుగే. డ్వేన్‌కి జుట్టు ఒత్తుగా ఉన్నప్పుడు మొదలైన కథ, టోపీ లేకుండా బయటికి రాలేని ఈ రోజుల్లో కూడా నడుస్తూనే ఉంది.

డ్వేన్‌కి విసుగెత్తిపోయింది. అవే గుహలు, అవే దొంగలు, జట్టులోని గార్డీ వేసే అవే జోకులు. మెయిన్ వీధిలోని ఆటల దుకాణంలో వచ్చే శనివారం కొత్త జట్టు మొదలవుతోంది. మిల్వాకీ నుంచి ఒకమ్మాయి వచ్చి నడుపుతుందట, ఒక్కో రాక్షసుడికి ఒక్కో గొంతు పెడుతుందట. ఆ బల్ల దగ్గర మిగిలింది ఒక్కటే కుర్చీ. అది డ్వేన్‌కి దక్కింది. సాయంత్రంలోగా ఖాయం చెప్పాలి.

కానీ ఇక్కణ్ణుంచి బయటపడడం ఎలా? "నేను మానేస్తున్నా" అని మొహం మీద చెప్పి పోయినవాడు ఇన్నేళ్ళలో రస్సెల్ ఒక్కడే. ఇప్పటికీ సూపర్ మార్కెట్లో చీజ్ కౌంటర్ దగ్గర రస్సెల్ కనిపిస్తే గార్డీ చీజ్ కొనకుండా ఇంటికొచ్చేస్తాడు. చీజ్‌కి పేరుపడ్డ విస్కాన్సిన్‌లో అంతకు మించిన వెలి లేదు. పాత్ర చచ్చిపోయినవాడికి మాత్రం మర్యాద ఉంది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటా" అంటే అందరూ భుజం తడతారు. ఎన్నాళ్ళని ఎవరూ అడగరు. అందుకే డ్వేన్ క్రింగిల్ పట్టుకుని పొద్దున్నే వెర్నన్ ఇంటికి వెళ్ళాడు.

"ఇవాళ వాణ్ణి చంపెయ్ వెర్నన్," అన్నాడు.

వెర్నన్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. క్రింగిల్ ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఎలా చావాలని ఉంది?"

"గౌరవంగా. జ్వరాలూ అవీ వద్దు."

"నొప్పి?"

"నాకా, వాడికా?"

"సరేలే. నా పని నేను చేస్తా. నువ్వు మాత్రం మధ్యలో హుషారెక్కి బతకొద్దు."

"ఎవరికీ చెప్పకు. ఒట్టెయ్యి."

వెర్నన్ ఒట్టేశాడు. డ్వేన్‌కి ఊరట కలిగింది, వెనకే కొంచెం కష్టంగానూ అనిపించింది. ఇన్నేళ్ళ పాత్రని చంపమంటే, ఎందుకురా అని మాటవరసకైనా అడగలేదు పెద్దమనిషి. మనం వదిలించుకోబోయేవాళ్ళు మన కాళ్ళు పట్టుకుని ఏడవాలని మనకి లోపల ఉంటుంది. డ్వేన్ అందుకు మినహాయింపు కాడు.

మధ్యాహ్నం అందరూ చేరారు. హీటర్లు బాగుచేసే గార్డీ, పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే లోర్నా. ఆటలో గార్డీ గొడ్డలి వీరుడు, లోర్నా మంత్రగత్తె. ఇద్దరూ ఎందుకో మంచి ఉత్సాహంగా ఉన్నారు. వాళ్ళని చూస్తే డ్వేన్‌కి పాపం అనిపించింది.

మొదట వెర్నన్ బాణం వేయించాడు. "చెట్ల చాటునుంచి విషం పూసిన బాణం ఒకటి సూటిగా ఆల్డ్రెక్ గుండె మీదికి..."

వాక్యం పూర్తి కాకుండానే గార్డీ లేచి నిలబడ్డాడు. "నేను అడ్డం పడతా."

"నీకెందుకురా?" అన్నాడు డ్వేన్.

"ఎందుకేంటి? నువ్వు నాకు తమ్ముడిలాంటివాడివి."

పాచిక వేస్తే పదిహేడు పడింది. బాణం గొడ్డలికి తగిలి ఎటో ఎగిరిపోయింది. గార్డీ మొహం వాడిపోయింది. తనకేమైపోయేదో అని అంత బెంగపడ్డాడు కాబోలు అనుకున్నాడు డ్వేన్.

తర్వాత వంతెన వచ్చింది. తాళ్ళు తెగుతున్నాయని, ఆల్డ్రెక్ కాళ్ళ కింది పలకే ముందు ఊడిందని వెర్నన్ చెప్పాడు.

"పడిపోతా," అన్నాడు డ్వేన్ ఠక్కున.

"దేన్నీ పట్టుకోవా?"

"చేతులు ఖాళీ లేవు."

"నేనున్నా కదరా," అన్నాడు గార్డీ. "వెర్నన్, వీడి నడుం పట్టుకుని ఒడ్డు మీదికి విసిరేస్తున్నా. ఆ ఊపుకి నేను లోయలో పడిపోతా."

"పడకపోవచ్చు కూడా. పాచిక వేసి చూడు," అన్నాడు వెర్నన్ మర్యాదకి.

"పాచికెందుకు? పడ్డాను. చచ్చాను కూడా. నా గొడ్డలి డ్వేన్‌కి ఇచ్చెయ్యండి."

"అంత తొందరేమొచ్చింది గార్డీ నీకు?" అంది లోర్నా. గొంతు పదునుగా ఉంది. దుఃఖం అలాగే ఉంటుందనుకున్నాడు డ్వేన్. గార్డీ జోకులు చెత్తవే కావచ్చు, కానీ ఆలోచించకుండా ప్రాణమిచ్చాడు. ఇలాంటివాణ్ణి వదిలేసి గొంతులు మార్చే ఎవరో అమ్మాయి దగ్గరికా తను పోతున్నది?

కథ డ్రాగన్ గుహ దాకా వచ్చింది. లోపల్నుంచి డ్రాగన్ తల బయటపెట్టి, నా గుడ్లు పగలగొట్టిందెవరని అడిగింది. నిజానికి ఎవరూ కాదు. ఆ గుహకి వాళ్ళు రావడం అదే మొదలు.

"నేనే," అన్నాడు డ్వేన్. ఇప్పుడతను సిగ్గుతో చావదలుచుకున్నాడు.

"వీడి మొహం," అంది లోర్నా. "ఇంట్లో ఆమ్లెట్ కూడా వాళ్ళావిడే వేస్తుంది. గుడ్లు పగలగొట్టింది నేను."

"ఎన్ని?" అన్నాడు వెర్నన్.

"ఎన్నుంటే అన్ని."

"అబద్ధం. నన్ను కాపాడ్డానికి చెబుతోంది."

"నాయనా డ్వేన్, నువ్వు నోరు మూసుకుని బతుకు. నా మాట విను."

"ఇద్దరూ పాచిక వెయ్యండి," అన్నాడు వెర్నన్. అతని నుదుటి మీద చెమట పట్టింది. "తక్కువ పడ్డవాళ్ళని తింటుంది."

లోర్నాకి రెండు పడింది. డ్వేన్‌కి ఇరవై పడింది. కోరుకున్నప్పుడు ఒక్కనాడూ పడని ఇరవై. డ్రాగన్ మంత్రగత్తెని మింగి, తిన్నది అరక్క అక్కడే కూలిపోయింది. లోర్నా మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. త్యాగం చేసినవాళ్ళ మొహాలు ఇలా ఉంటాయన్నమాట అనుకున్నాడు డ్వేన్, ఇంక ఆగలేక మెట్లెక్కి వంటగదిలోకి పోయి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని దుకాణానికి ఫోన్ చేశాడు.

"నా కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

"ఖాయమేనా? లైన్లో ఇంకా ఇద్దరున్నారు. మళ్ళీ అడిగితే దొరకదు."

"ఖాయం. నాకు మనుషులున్నారు."

కిందికొచ్చి కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "మీకో మాట చెప్పాలి. నేను ఈ బల్ల వదిలి పోదామనుకున్నా. ఆల్డ్రెక్‌ని చంపెయ్యమని పొద్దున వెర్నన్‌ని అడిగా. మీరేమో వాడి కోసం ప్రాణాలిచ్చారు. వదిలిపోను. నేను నిజంగా చచ్చేదాకా ప్రతి శనివారం ఇక్కడే ఉంటా. ఒట్టు."

హీటర్ గురగురమంటోంది. ఇంతలో గార్డీ ఫోన్ మోగింది.

"హలో. ఆఁ, నేనే. ఖాళీ అయిందా? ఇప్పుడేనా? వస్తా, తప్పకుండా వస్తా. ఎవరికీ ఇవ్వకండి."

లోర్నా అతనివైపు తిరిగింది. "ఆ దుకాణంలో కుర్చీ నీకెలా ఇస్తారు? నేను మంగళవారమే పేరిచ్చాను."

"నేను సోమవారమే ఇచ్చాను."

"సోమవారం పోస్టాఫీసుకొచ్చి, ఈ బల్ల లేకపోతే బతకలేనన్నావు నాతో."

"అన్నా. మధ్యాహ్నం అన్నా. పేరు పొద్దునే ఇచ్చేశా."

డ్వేన్ మెల్లిగా కుర్చీలో కూర్చున్నాడు. "వెర్నన్, వీళ్ళు కూడా నిన్ను అడిగారా?"

"అడిగారు. గార్డీ అయితే మా హీటర్ ఊరికే బాగుచేసి మరీ అడిగాడు."

"నాకు చెప్పొద్దా?"

"ముగ్గురూ ఒట్టేయించుకున్నారు."

"మరి ఆ వంతెన నాది కదా."

"నీదే. నీ చావు వాడు కొట్టేశాడు. నేనేం చేసేది?"

ఈ ఊళ్లో ఎవరైనా వెళ్ళాలంటే మోకాళ్ళ మీద చరిచి "ఇంక బయల్దేరతాం మరి" అనాలి, ఆ తర్వాత గుమ్మంలో నిలబడి వాతావరణం గురించి ఓ పావుగంట మాట్లాడాలి. గార్డీ మోకాళ్ళు చరవలేదు. చేతి తొడుగులు బల్ల మీదే మర్చిపోయి పోయాడు. లోర్నా కోటు వేసుకుంటూ డ్వేన్ భుజం తట్టింది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటా నాయనా. అదృష్టవంతుడివి, నువ్వు బతికావు," అంది.

డ్వేన్‌కి ఏడుపు రాలేదు. ఇందాక వంటగదిలో అయిపోయింది. తన కోసం చచ్చారనుకున్నవాళ్ళు నిజానికి బయటపడ్డానికి ఒకరినొకరు తోసుకున్నారు, ఆ తోపులాటని త్యాగమనుకుని తను ఉన్న కుర్చీ కాస్తా ఇచ్చేసుకున్నాడు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, తను వాళ్ళకంటే వెనకబడ్డందుకు కడుపు మండింది.

వెర్నన్ పాచికలు సంచిలో వేస్తున్నాడు, ఒక్కొక్కటే. అతని సంగతి డ్వేన్‌కి తెలియదు. శనివారాలు బావమరిదితో గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకు పోవాలని వెర్నన్‌కి ఏళ్ళ తరబడి కోరిక. ఆట ఆపేస్తే ఈ ముగ్గురూ ఏమైపోతారోనని ఆగాడు. పొద్దున మూడోవాడు కూడా వచ్చి చంపమన్నప్పుడు, నోట్లో క్రింగిల్ ఉండబట్టి గానీ లేకపోతే నవ్వు బయటికొచ్చేసేదే. ఇవాళ అందరూ చచ్చుంటే, ఎవర్నీ నొప్పించకుండా బల్ల మడిచి గోడకానించేవాడు. ఇప్పుడు ఒట్టేసినవాడు ఒకడు ఎదురుగా కూర్చున్నాడు, కళ్ళెర్రగా.

నాకూ చాలు అని ఇద్దర్లో ఎవరు అన్నా సరిపోయేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎదుటివాడు ఒంటరివాడైపోతాడని ఇద్దరికీ ఒకేసారి జాలేసింది.

"అయితే వచ్చే శనివారం..." అన్నాడు వెర్నన్.

"నీకు ఇబ్బంది లేకపోతేనే."

"అబ్బే, నాకేం ఇబ్బంది. నీకు?"

"అబ్బే."

వెర్నన్ సంచిలోంచి పాచికలు మళ్ళీ బయటికి తీశాడు. "గుహలో నువ్వొక్కడివే మిగిలావు. చీకటిగా ఉంది. పక్కన డ్రాగన్ శవం. ఏం చేస్తావు?"

"కూర్చుంటా."

"దానికి పాచిక అక్కర్లేదు," అన్నాడు వెర్నన్.