మూడొందల మంది జనమూ, ముగ్గురు సాక్షులూ

ఈ దేశంలో మనిషికి విలువ లేదని అనేవాళ్లు మనుషుల్ని విడివిడిగా చూస్తున్నారు. విడిగా చూస్తే మనిషి దేనికీ కొరగాడు. ఆఫీసుకెళ్తే రేపు రమ్మంటారు, ఆస్పత్రికెళ్తే బయట కూర్చోమంటారు. అదే మనిషిని ఓ మూడొందల మందిలో కలిపి లారీ ఎక్కించి చూడండి. చేతిలో పులిహోర పొట్లం పెట్టి, మంచినీళ్ల ప్యాకెట్ అందించి, 'మహాజనులారా' అంటూ వంగి దండం పెడతారు. కాబట్టి ఈ దేశాన్ని నడిపిస్తున్నది రాజ్యాంగమూ కాదు, రిజర్వు బ్యాంకూ కాదు. జనం. ఆ జనాన్ని వేళకి తెచ్చి దింపేవాడు సత్యప్రసాద్.

మండపేటకి కూతవేటు దూరంలో ఉన్న బొండాలపాలెం అతనిది. రైతు కుటుంబం. చదివిన చదువుకి ఉద్యోగం రాలేదు, ఉన్న పొలానికి కౌలుదారు దొరికాడు. దాంతో జనం సరఫరాలోకి దిగాడు. బహిరంగ సభకైతే చప్పట్లు బాగా కొట్టేవాళ్లని పంపుతాడు. పెద్దవాళ్ల అంతిమయాత్రకైతే కన్నీళ్లు ఆపుకోలేని వాళ్లని (సొంత బంధువులు అంతసేపు ఏడవలేరు, వాళ్లకి పంపకాల పని ఉంటుంది). రోడ్డు బాగోలేదని ధర్నా చేసినా, బాగుందని సన్మానం చేసినా అతని జనమే. ఒక్కోసారి రెండూ ఒకే రోజు పడితే పొద్దున్న ధర్నా చేసినవాళ్లే సాయంత్రం చొక్కా మార్చుకుని సన్మానానికి వెళ్లేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

అలాంటి సత్యప్రసాద్‌కి పోయినేడు మాఘమాసంలో ముగ్గురు మనుషులు కావలసి వచ్చి, దొరకలేదు.

సంగతేమిటంటే, బొండాలపాలెం సెంటర్లో గౌసియా అనే లేడీస్ టైలర్ ఉంది. ఊళ్లో ఆడవాళ్ల కొలతలన్నీ ఆ అమ్మాయికి కంఠతా వచ్చు, ఒక్కటీ పెదవి దాటదు (ఊళ్లో ఇంత శాంతి ఉండడానికి అదే కారణం). ఆ అమ్మాయీ, సత్యప్రసాదూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఊరంతటికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనపడరు. అది గోదారి జిల్లాల మర్యాద.

వేర్వేరు మతాల వాళ్లు పెళ్లాడతామంటే సర్కారు వారు తొందరపడరు. ఇద్దరి పేర్లూ నోటీసు బోర్డుకి అంటించి, లోకంలో ఎవరికైనా అభ్యంతరం ఉందేమోనని నెల్లాళ్లు ఎదురుచూస్తారు (మతం ఒకటే అయితే లోకం అభిప్రాయంతో వారికి పనిలేదు). బొండాలపాలెం జనం టౌనుకి వెళ్లి ఆ బోర్డు చదివొచ్చారు. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పాలంటే కింద సంతకం పెట్టాలి.

ఇక మిగిలింది ముగ్గురు సాక్షులు. నోటీసిచ్చిన మూణ్ణెల్లలోపు పెళ్లి కావాలి, ఆ గడువు వచ్చే గురువారంతో ముగుస్తుంది. దాటితే మళ్లీ బోర్డు, మళ్లీ లోకం.

"ముగ్గురంటే ముగ్గురు ప్రసాద్," అంది గౌసియా, మిషను తొక్కుతూనే. "మా అన్నయ్య తుని సంబంధం ఖాయం చేసేస్తానంటున్నాడు. ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి ఆపాను. నా దగ్గర ఇంక అబద్ధాల్లేవు."

"మూడొందల మందిని తెచ్చేవాణ్ని, ముగ్గుర్ని తేలేనా?"

గౌసియా దారం కొరికి అతని వంక చూసింది. ఆ చూపుకి అతనికి భయమేసింది.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి సినిమా వాళ్లు దిగారు. సినిమాకి పేరింకా పెట్టలేదు, ప్రొడక్షన్ నంబర్ మూడంటున్నారు. పంతొమ్మిదివందల ముప్ఫై ఎనిమిది నాటి కథ. పెళ్లిళ్లకి సన్నాయి వాయించే సాయిబుగారబ్బాయీ, మోతుబరి రైతు కూతురూ ప్రేమించుకుంటారు. ఊరు ఒప్పుకోదు. ఇద్దరూ కాలవలో పడి చనిపోతారు. డైరెక్టరు మురళీకృష్ణ ఈ కథ మీద ఆరేళ్లు కూర్చున్నానని చెప్పాడు. మనిషిని చూస్తే నిజమేననిపించింది.

బొండాలపాలెంలో కెమెరా పెట్టాలంటే మనోభావాల పరిరక్షణ ఐక్య సంఘం అనుమతి కావాలి. అధ్యక్షులు రైస్‌మిల్లు బుల్లియ్య గారు, ఉపాధ్యక్షులు మసీదు పెద్ద మస్తాన్ గారు. ఊళ్లో రెండు మతాల వాళ్లూ భుజం భుజం కలిపి పనిచేసే సంస్థ అదొక్కటే (మతాలు కలవకుండా చూడడం దాని ఆశయం).

మిల్లు మేడ మీద విచారణ జరిగింది. జనం తరఫున సత్యప్రసాద్ కూడా ఓ మూల కూర్చున్నాడు.

"ఇది నిషిద్ధ ప్రేమకథండి," అన్నాడు మురళీకృష్ణ.

"బాగుందండి," అన్నారు బుల్లియ్య గారు. "ఎవరు నిషేధించారండి?"

"ఊరండి."

"ఏ ఊరండి?"

"కథలో ఊరికి పేరు లేదండి. తీసేది మాత్రం ఇక్కడే."

"అంటే మేమే," అన్నారు బుల్లియ్య గారు, ఎంతో మర్యాదగా. "మీరు కాఫీ తాగండి, చల్లారిపోతోంది. మా ఊరివాళ్లు ప్రేమకి అడ్డం పడ్డారని మీరు లోకానికి చూపిస్తే, మా పరువేం కానండి?"

"పైగా మావాళ్లూ అడ్డం పడ్డారని రాశారు," అన్నారు మస్తాన్ గారు నొచ్చుకుంటూ. "మేమెందుకు పడతామండి?"

"అడ్డం పడకపోతే నిషిద్ధం ఎలా అవుద్దండి?" అని డైరెక్టరు వాపోయాడు. సంఘం వారు పక్కగదిలోకి వెళ్లి, జీడిపప్పు పకోడీలు అయ్యేదాకా ఆలోచించి, ఓ తీర్మానంతో బయటికొచ్చారు. ఆ ప్రేమని నిషేధించినది తెల్లవాడు. కాకినాడ కలెక్టరు దొర. హిందువులూ ముస్లిములూ కలిసి పెళ్లి చెయ్యాలని తహతహలాడుతుంటే, ఆ దుర్మార్గుడు జరగనివ్వలేదు. చివరికి ఊరంతా ఏకమై, దొర కళ్లుగప్పి, రెండు పద్ధతుల్లోనూ పెళ్లి చేసేస్తుంది. ఎవరూ కాలవలో పడరు (దొర పడతాడు). దొర మనోభావాలు దెబ్బతిన్నా ఈ చుట్టుపక్కల ఆయన తరఫు సంఘం లేదు కాబట్టి చిక్కు లేదు.

మురళీకృష్ణ పకోడీ పట్టుకుని అలా ఉండిపోయాడు. మూలనున్న సత్యప్రసాద్‌కి మాత్రం గుండె ఉప్పొంగింది. 'పెళ్లి చెయ్యాలని తహతహ' అన్న మాట ఈ చెవులతోనే విన్నాడు మరి.

బుధవారం పెళ్లి సీను పెట్టారు. జనాన్ని పిలవాల్సిన పనే లేకపోయింది. ఊరు ఊరంతా పట్టుచీరల్లో, జరీ పంచెల్లో దిగింది. ఆడవాళ్లకి ఆనాటి బుట్టచేతుల రవికలు గౌసియాయే కుట్టింది. పెళ్లికి వట్టి చేతులతో వెళ్లడం ఈ నేలమీద లేదు గనక ఒక్కొక్కరూ ఓ స్టీలు బిందో, క్యారేజీయో పట్టుకొచ్చారు. "అప్పట్లో స్టీలు లేదండి," అని అసిస్టెంటు డైరెక్టరు మొత్తుకుంటే, "అలాగా, ముందు చెప్పొద్దూ," అని ఇళ్లకెళ్లి ఇత్తడివి తెచ్చారు. పురోహితుడి వేషం వేసినాయన నిజంగా పురోహితుడే. ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది, ఈలోపు తాళి కట్టిస్తే నాకు పాపమని ఆయన భీష్మించుకుంటే, కోట్ల రూపాయల యూనిట్ వర్జ్యం పోయేదాకా చెట్టుకింద కూర్చుంది.

తాళి కట్టాక బుల్లియ్య గారు (ఊరిపెద్ద వేషం) ముందుకొచ్చి, "మతం మనిషి పెట్టుకున్నది, మనసు దేవుడు పెట్టింది," అన్నారు. మస్తాన్ గారు (పెళ్లికొడుకు తండ్రి వేషం) ఆయన్ని కావలించుకున్నారు. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. డైరెక్టరు కట్ అన్నా ఎవరూ ఆగలేదు. అక్షింతలు వెయ్యడానికి లైను కట్టి, జంటని పేరుపేరునా దీవించి, భోజనాలెక్కడండి అని అడిగారు. బొంబాయి నుంచొచ్చిన హీరోహీరోయిన్లు భాష తెలీక ప్రతివాళ్లకీ దండం పెట్టారు. వాళ్లిద్దరిదీ ఒకే మతమని తర్వాత తెలిసి, ఊరు ఇంకాస్త ఊపిరి పీల్చుకుంది.

బట్టల టెంటు దగ్గర్నుంచి గౌసియా అదంతా చూసింది. "నాకు ఏడుపొస్తోంది ప్రసాద్," అంది. "సంతోషంతో కాదు."

ఇదే సమయమని సత్యప్రసాద్ నేరుగా బుల్లియ్య గారి దగ్గరికెళ్లాడు.

"రేపు రిజిస్ట్రారాఫీసులో మా పెళ్లండి. సాక్షిగా తమరొస్తే..."

"తప్పకుండా ప్రసాదూ, తప్పకుండా. నీకు కాకపోతే ఎవరికి చేస్తాం? అయితే రేపు సామర్లకోట భీమేశ్వరుడికి అభిషేకం ఉంది. ఎల్లుండి పెట్టుకోరాదూ?" అన్నారాయన, మీసాలకంటిన జిగురు తీసుకుంటూ.

మస్తాన్ గారు కూడా "తప్పకుండా బాబూ, తప్పకుండా" అన్నారు. ఆయనకి మోకాలి నొప్పి అప్పుడే మొదలైంది. అలా అతను జనమందరి దగ్గరికీ వెళ్లాడు. కాదన్నవాడు ఒక్కడు లేడు, వస్తానన్నవాడూ లేడు. చప్పట్లు కొట్టడంలో ఆరితేరిన ముసలయ్య ఒక్కడే ఉన్నమాట చెప్పాడు.

"జనంలో అయితే వట్టి మొహమే కదా బాబూ. సంతకమంటే ఇంటిపేరుతో సహా ఉంటది. కూతురికి సంబంధాలు చూస్తన్నాను."

సత్యప్రసాద్ కాలవగట్టు మీద చతికిలబడ్డాడు. ధర్నాలకీ సన్మానాలకీ తను జనంతో నింపిన లారీలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పుడు చేపల లోవలక్ష్మి వచ్చింది. అంతిమయాత్రల్లో ఏడవడానికి ఆవిణ్ణి మించినవాళ్లు లేరు.

"అడగడం రాక అడిగావురా అబ్బాయి," అంది. "సాక్ష్యానికి రమ్మంటే ఎవడొస్తాడు? షూటింగని పిలువు."

"అబద్ధం కదా పిన్నీ."

"ఎవరికి అబద్ధం? నీకూ తెలుసు, నాకూ తెలుసు. రేపు ఎవరన్నా నిలదీస్తే మాత్రం, నాకేం తెలుసండీ, షూటింగన్నాడు, వెళ్లానంటాను. ఆ ఒక్క మాట చేతిలో ఉంటే ఈ ఊళ్లో ఎవరైనా మంచిపని చేసేస్తారు."

సాయంత్రం జనం వాట్సాప్ గ్రూపులో సత్యప్రసాద్ ఇలా పెట్టాడు: 'రేపు ఉదయం షూటింగ్ ప్యాచ్ వర్క్. రిజిస్ట్రారాఫీసు సీను. సాక్షి వేషాలు మూడు.' నిమిషంలో గ్రూపు నిండిపోయింది. 'నేను' అని, 'నేనూ' అని, 'మా ఆవిడ కూడా' అని. ముసలయ్య బొటనవేలు బొమ్మలు వరసగా పెట్టాడు. మస్తాన్ గారైతే ఫోనే చేశారు. "ఆ సాక్షుల్లో ఒకరు పెద్దమనిషి తరహాలో ఉండాలి కదా బాబూ," అన్నారు. మోకాలి సంగతి ఎత్తలేదు.

గురువారం పొద్దున్న లోవలక్ష్మి, ముసలయ్య, మస్తాన్ గారు రిజిస్ట్రారాఫీసులో దిగారు. మస్తాన్ గారు ముందురోజు సినిమా వాళ్లిచ్చిన ఎర్ర టోపీతోనే వచ్చారు. రిజిస్ట్రారు సూర్యకళ గారు అసలు మనిషే. కళ్లజోడులోంచి అందరినీ చూసి, "సాక్షులు మీరేనా?" అన్నారు.

"ఆయ్. మేమేనండి," అన్నాడు ముసలయ్య. "కెమెరా ఎక్కడుందండి?"

"అదుగో." ఆవిడ గది మూలనున్న సీసీ కెమెరా చూపించారు. "అంతా రికార్డవుతుంది."

ముగ్గురూ సర్దుకుని అటు తిరిగి నిలబడ్డారు. లోవలక్ష్మి చకచకా సంతకం పెట్టేసింది. ముసలయ్య పెన్ను పట్టుకుని ఆగాడు. "ఏ పేరు పెట్టమంటారండి?"

"మీ పేరేనండి."

ముసలయ్య కాగితం వంక చూశాడు, గౌసియా వంక చూశాడు. ఆ అమ్మాయి మొహంలో రక్తం లేదు. తన పెద్ద కూతురి ఓణీల ఫంక్షనుకి ఈ పిల్లే కూలి తీసుకోకుండా పరికిణీ కుట్టిపెట్టింది.

"సరేలెండి. షూటింగ్ అన్నాక సహజంగా ఉండాలి కదా," అని ఇంటిపేరుతో సహా రాశాడు.

మస్తాన్ గారు టోపీ సర్దుకుని, సంతకం పెట్టారు. పెట్టాక గౌసియా తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. అలా చెయ్యమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. గౌసియా ఏడ్చేసింది, సత్యప్రసాదూ ఏడ్చాడు. లోవలక్ష్మి మాత్రం ఏడవలేదు, నవ్వుతూ నిలబడింది.

మర్నాడే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. "మాకేం తెలుసండి, షూటింగన్నారు." గదిలో అందరి మొహాలూ వికసించాయి. బుల్లియ్య గారి మొహం మరీ. నిన్న జరిగినది షూటింగేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. షూటింగ్ కాబట్టి ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. పెళ్లి జరగలేదు కాబట్టి ఎవరినీ వెలివెయ్యక్కర్లేదు. తుని సంబంధం వాళ్లకి గౌసియా అన్నయ్య, "మా చెల్లి సినిమాల్లో బిజీ అండి," అని కబురు పంపాడు.

ఆ తర్వాత బొండాలపాలెం ఆ జంటని పువ్వుల్లో పెట్టి చూసుకుంది. ఇల్లు అద్దెకి దొరికింది (షూటింగ్ హౌసని ఓనరు అందరికీ చెప్పుకున్నాడు). ఇద్దరూ కలిసి సంతకి వెళ్తే, "ఏంటండీ, ఇంకా నడుస్తోందా?" అని పలకరించేవారు. పేరంటాలకి గౌసియాని పిలవరు, ఆర్టిస్టుల్ని ఇబ్బంది పెట్టకూడదని. ప్రొడక్షన్ నంబర్ మూడు రిలీజై, దొర కాలవలో పడ్డప్పుడు ఊరు ఈలలేసి, పెళ్లి సీనుకి ఏడ్చి, మర్చిపోయింది కూడా. వీళ్ల షూటింగ్ మాత్రం ఆగలేదు.

"ప్యాకప్ ఎప్పుడు చెప్తారు ప్రసాద్?" అనడిగింది గౌసియా ఓరోజు.

పోయిన నెల వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. బుల్లియ్య గారే స్వయంగా వెండి ఉగ్గుగిన్నె పట్టుకుని చూడ్డానికొచ్చారు. పాపని ఒళ్లోకి తీసుకుని ముద్దాడారు. కొత్త చేతులకి అది గుక్కపట్టి ఏడ్చింది.

"భేష్," అన్నారు బుల్లియ్య గారు, పిల్లని గౌసియాకి తిరిగిచ్చేస్తూ. "మీ ఇద్దరికన్నా ఇదే సహజంగా నటిస్తోంది ప్రసాదూ."