ఇరవై అంగుళాల న్యాయం

ఒక కార్యాలయం ఎంత గొప్పదో దాని భవనాన్ని చూసి చెప్పకూడదు. అది వాడే దరఖాస్తులో ఎన్ని గళ్ళున్నాయో లెక్కపెట్టి చెప్పాలి. ఆ లెక్కన ఈ కార్యాలయం నాగరికతకు శిఖరం. ఇక్కడ కిటికీ తెరవడానికి తొమ్మిది గళ్ళ ఫారం ఉంది (మూయడానికి వేరే ఫారం, అది ఇంకా అచ్చులో ఉంది, అందుకే వరండా కిటికీలు మూడేళ్ళుగా తెరిచే ఉన్నాయి). కారు అద్దం తుడిచే వైపరు బ్లేడ్లు మార్చడానికి మాత్రం ముప్ఫై నాలుగు గళ్ళ ఫారం. అద్దం అవతల ఏముందో చూడడం తేలిక వ్యవహారం కాదని పెద్దలు ఎప్పుడో గ్రహించారు.

ఆ ఫారం నింపే పని కొత్తమ్మాయికి పడింది. ఆమె ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. తరువాత ఎవరినీ తీసుకోలేదు కనుక ఇంకా కొత్తమ్మాయే. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. అచ్చులో ఉన్న ప్రతి వాక్యం వెనకా ఎవరో కూర్చుని ఆలోచించి ఉంటారని ఆమెకు గట్టి నమ్మకం.

"ఇది చూడు తల్లీ," అంటూ కార్యాలయం కారు డ్రైవరు ఆమె బల్ల మీద నల్లటి రబ్బరు పీలిక ఒకటి పెట్టాడు. "నిన్నటి వానకి ఊడొచ్చింది. అద్దం తుడవడం మానేసి బొమ్మలు గీస్తోంది."

"కొత్తవి వేయిద్దాం బాబాయ్."

"వేయించు. నాకింకా పది వారాలే ఉంది. ముప్ఫై ఒక్కేళ్ళు బండికి గీత పడకుండా నడిపాను. చివర్లో ఎక్కడన్నా తగిలించానంటే ఆ బడివాళ్ళకి ఏం మొహం చూపించను?"

రిటైరయ్యాక అతనికి ఇంటికి దగ్గర్లో ఒక బడి బస్సు నడిపే పని ఖాయమై ఉంది. చిన్నమ్మాయి నర్సింగు చదువు పూర్తి కావడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది కాబట్టి ఆ పని అతనికి కాలక్షేపం కాదు, బతుకుతెరువు. బడివాళ్ళు అడిగింది ఒకే ఒక్క కాగితం: ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదమూ చేయలేదని కార్యాలయం ఇచ్చే పత్రం.

కొత్తమ్మాయి ఆ మధ్యాహ్నమే టేపు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. డ్రైవరు ఒక కొస పట్టుకున్నాడు. డ్రైవరు వైపు బ్లేడు ఇరవై నాలుగు అంగుళాలు, పక్క సీటు వైపుది పదహారు.

"రెండూ ఒకటి కాదా?" అంది ఆమె.

"ఎందుకవుతాయి తల్లీ? నడిపేవాడి ముందు అద్దం ఎక్కువ తుడవాలి. పక్కనున్నాయన చూస్తే ఎంత, చూడకపోతే ఎంత? పైగా రెండూ పొడుగైతే మధ్యలో గుద్దుకుంటాయి."

ఇంత స్పష్టమైన విషయాన్ని ఫారంలో ఎక్కించడం ఎలా అన్నదే చిక్కు. అందులో 'పరిమాణం' అనే గడి ఒక్కటే ఉంది, దాని కింద 'ఒక అంకె మాత్రమే రాయవలెను' అని ఉంది. ఆమె బాగా ఆలోచించి 24/16 అని రాసింది. పదకొండు రోజుల తరువాత ఫారం తిరిగొచ్చింది. లెక్కల విభాగం ఇరవై నాలుగుని పదహారుతో భాగించి, ఒకటిన్నర అంగుళం వైపరుతో అద్దంలో ఏ భాగం తుడవదలచారో వివరణ కోరింది.

ఆమె స్టోరు గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ నకలుగారు అంటారు. ఏ కాగితం ఇచ్చినా ముందు 'నకలేదీ?' అని అడగడం ఆయన అలవాటు (వాళ్ళావిడ పెళ్ళిరోజు అని గుర్తు చేసినా అదే అడిగాడని చెప్పుకుంటారు).

"రెండు ఫారాలు పెడతానండీ, ఒక్కో బ్లేడుకి ఒకటి," అంది కొత్తమ్మాయి.

"కుదరదమ్మా. వైపరు జత వస్తువు. చెప్పులూ, చేతి తొడుగులూ, వైపర్లూ ఒకే పద్దు. ఒక కాలికి ఎనిమిదో నంబరు, ఇంకో కాలికి ఆరో నంబరు చెప్పు కొంటామా?"

"కాళ్ళు రెండూ ఒక సైజే కదండీ."

"అది నీ అదృష్టం. రూలు మాత్రం అందరికీ ఒకటే. అన్నట్టు, పాత బ్లేడ్లు జమ చేశావా? పాతవి స్టోరుకి చేరితేగానీ కొత్తవాటి ఫారం కదలదు."

పాతవి జమయ్యాయి. ఇప్పుడు కారుకి అరకొరగా తుడిచేవి కూడా లేవు. ఉత్త ఇనప చేతులు అద్దాన్ని గీకకుండా డ్రైవరు వాటికి గుడ్డపేలికలు చుట్టాడు. వాన పడుతుంటే ప్రతి కూడలి దగ్గరా దిగి అద్దం తుడిచి మళ్ళీ ఎక్కేవాడు. వెనకున్న బళ్ళవాళ్ళు అతన్ని పలకరించిన భాష రికార్డుకు ఎక్కదగింది కాదు.

చూడలేక కొత్తమ్మాయి ఒకరోజు బజారులో విడిభాగాల దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు కారు పేరు అడిగి, తల ఎత్తకుండానే ఒక పొడుగుదీ ఒక పొట్టిదీ తీసి కౌంటరు మీద పెట్టాడు. మొత్తం వ్యవహారం రెండు నిమిషాలు పట్టింది. ఇంత తొందరగా జరిగిన పని సరిగ్గా జరిగి ఉంటుందా అని ఆమెకే అనుమానం వచ్చింది. అనుమానం నిజమే అయింది. మర్నాడు పొద్దున నకలుగారు వాటిని కారు నుంచి పీకించి, సంచిలో పెట్టి ఆమెకు తిరిగి ఇచ్చాడు. సొంత సామాను కార్యాలయం వాహనానికి తగిలించడం 'అనధికార అలంకరణ' కిందికి వస్తుందట.

చివరికి విషయం సాంకేతిక ఉపసంఘానికి వెళ్ళింది. ముగ్గురు సభ్యులు, ఇద్దరు బస్సులో వస్తారు, ఒకరు సైకిలు మీద. వాళ్ళు రెండు పూటలు చర్చించి, ఇరవై నాలుగునీ పదహారునీ కలిపి సగం చేశారు. ఇరవై అంగుళాల బ్లేడ్లు రెండు. ఇందులో ఏ పక్షానికీ అన్యాయం జరగలేదని మినిట్సులో రాసుకున్నారు.

"గుద్దుకుంటాయి తల్లీ," అన్నాడు డ్రైవరు.

"నేను రాస్తాను బాబాయ్," అంది ఆమె. రాసింది కూడా, 'గుద్దుకొనును' అని, కింద సంతకం పెట్టి. గుద్దుకున్నాక పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

బిగించిన రోజే గుద్దుకున్నాయి. ఉపసంఘం మాట తప్పేది కాదు, వెంటనే పరిశీలించింది. రెంటిలో ఒకటి తీసేయాలని తేల్చింది. ఏది తీయాలన్న ప్రశ్నకు ఎక్కువ సమయం పట్టలేదు. కార్యాలయంలో ఏ సౌకర్యమైనా హోదాని బట్టి దక్కుతుంది. ముందు పక్క సీట్లో పెద్దసారు కూర్చుంటారు (వెనక కూర్చుంటే ఆయనకు కడుపులో తిప్పుతుంది, డాక్టరు రాసిచ్చిన కాగితం ఫైలులో ఉంది). డ్రైవరు నాలుగో తరగతి ఉద్యోగి. కాబట్టి వైపరు పెద్దసారుకి దక్కింది.

"రోడ్డు చూడాల్సింది నేను గదండీ," అన్నాడు డ్రైవరు నకలుగారితో.

"చూడొద్దని ఎవరన్నారయ్యా? కాస్త పక్కకి ఒంగి చూడు."

డ్రైవరు ఒంగి చూశాడు. మూడు వారాలు అలాగే నడిపాడు. మెడ పట్టేసింది. నాలుగో వారం జోరువానలో, కేంద్ర కార్యాలయం గేటు లోపలికి తిప్పుతుంటే, అతని వైపు ముందు దీపం సిమెంటు స్తంభానికి తగిలింది. మనిషి నడిచే వేగంలోనే ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. దీపం పగిలింది. రిటైర్మెంటుకి పదమూడు రోజులుంది.

విచారణ జరిపారు. వాంగ్మూలాలు రాసుకునే పని కొత్తమ్మాయిదే. పెద్దసారు నిదానంగా, ఆమె చేతికి అందేలా చెప్పారు. "స్తంభం నాకు దూరం నుంచే స్పష్టంగా కనిపించింది. అద్దం తళతళలాడుతోంది."

కొత్తమ్మాయి రాసుకుంది. రాసి, కలం పక్కన పెట్టింది. "సార్, మరి కనిపించినప్పుడు బాబాయికి చెప్పారా?"

ఆ ప్రశ్న ఫారంలో లేదు. అయినా పెద్దసారు కోపగించుకోలేదు. "నేను చెబితే నేను నడిపినట్టవుతుంది కదమ్మా. నాకు లైసెన్సు లేదు."

నివేదిక ఒక్క పేజీ. వైపరు తన విధిని సంతృప్తికరంగా నిర్వర్తించింది. అద్దంలో శుభ్రంగా ఉన్న భాగం అందుబాటులో ఉండగా డ్రైవరు శుభ్రంగా లేని భాగంలోంచి చూశాడు. ఈ బ్లేడు జోరువానలోనూ చక్కగా పనిచేసినట్టు రుజువైంది కాబట్టి మిగతా పద్దెనిమిది వాహనాలకూ ఇదే పరిమాణం తెప్పించాలని సిఫార్సు.

"చదివి వినిపించు తల్లీ," అన్నాడు డ్రైవరు. ఆమె చదివింది. అతను పట్టేసిన మెడని చేత్తో రుద్దుకుంటూ అంతా విన్నాడు. "బాగా రాశారు. నేనే లేకపోతే వైపరుకి ఇంత పేరొచ్చేది కాదు," అన్నాడు. "బడికిచ్చే నా కాగితం నువ్వే టైపు చేస్తావుగా?" అని అడిగాడు.

ఆమె టైపు చేసింది. ముప్ఫై ఒక్కేళ్ళు, తన ముందు అద్దాన్ని వైపరు తుడిచినంత కాలం, ఇతను ఒక్క ప్రమాదమూ చేయలేదని రాసి పైకి పంపింది. అందులో కార్యాలయం మీద అభిప్రాయం ధ్వనిస్తోందని సూపరింటెండెంటు కొట్టేశాడు. రెండోసారి తేదీలూ దూరాలూ మాత్రమే రాసింది. మరీ పొడిగా ఉంది, పాపం అంతకాలం పనిచేసిన మనిషి, నాలుగు మంచి మాటలు ఉండాలి అని ఆయన తనే కూర్చుని సరిదిద్దాడు. రిటైరైన సాయంత్రం దండ వేసి, ఆ పత్రాన్ని చట్రం కట్టించి మరీ డ్రైవరు చేతిలో పెట్టారు. మర్నాడు పొద్దున అతను దాన్ని బడికి పట్టుకెళ్ళాడు.

'ఇతను నమ్మకస్తుడు, సమయపాలకుడు, మృదుభాషి. ఎదురుగా ఉన్నది కనిపించకపోవడం తప్ప మరే లోపమూ ఇతనిలో ఈ కార్యాలయం దృష్టికి రాలేదు.'