సగంలో ఆగిన జెండా

ఆ బుధవారం హెస్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల బస్సుకు పట్నం వెళ్ళి, విరిగిన కళ్ళజోడు బాగు చేయించుకుని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. ఆమె చెల్లెలు మార్జరీ పథకం ఇంకా చిన్నది. పొలం గట్టు మీదుగా చర్చికి నడిచివెళ్ళి, ఇత్తడి దీపస్తంభాలు తోమి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. అయితే అక్కది తూర్పు భాగం, చెల్లెలిది పడమటి భాగం. టీ కాచుకునే గిన్నెలు కూడా వేరు. అందువల్ల ఆ పొద్దున ఒకరి ముఖం ఒకరు చూడకుండానే బయలుదేరారు. ఆ రోజు జరిగిన గందరగోళానికి మూలం ఇదీ, ఒక తాడూ.

వాళ్ళ నాన్న డన్‌వోల్డ్ ప్రభువు. ఆయనకు కొడుకులు లేరు. డన్‌వోల్డ్ వంటి పాతకాలపు బిరుదు కొడుకుంటే కొడుక్కి పోతుంది, ఒక్కతే కూతురైతే ఆమెకు వస్తుంది. ఇద్దరు కూతుళ్ళయితే చెరి సగం హక్కు. సగం బిరుదు ఎవరూ పెట్టుకోలేరు కాబట్టి, అది ఎవరికీ దక్కకుండా ఇద్దరి మధ్యా పడుకుని నిద్రపోతుంది. ఒకరు కన్నుమూసిన రోజున లేచి, మిగిలినవారి పక్కకు వెళ్ళి నిలబడుతుంది. అక్కచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. హెస్టర్‌కు డెబ్భై దాటాయి, మార్జరీకి దాటబోతున్నాయి.

నాన్న పోయినప్పటి నుంచి ఒకరి దగ్గు ఇంకొకరికి వార్త. ఆదివారం టీకి కలిసినప్పుడు హెస్టర్ చెల్లెలి రొట్టె మీద దండిగా వెన్న రాసేది. డాక్టరు వద్దన్నాడని ఆమెకు తెలుసు. మార్జరీ మాత్రం అక్కను సముద్రస్నానానికి వెళ్ళిరమ్మని పోరేది, అదీ ఇంకా ఎముకలు కొరికే చలి ఉండే మార్చి నెలలో. ఊళ్ళో వాళ్ళు దీన్ని ప్రేమ అనుకునేవారు. కొంత ప్రేమే. ఎంత అన్నది దేవుడికే తెలియాలి.

ఆ బిరుదుతో డబ్బేమీ రాదు. పొలాలు తాత కాలంలోనే పోయాయి. దానితో వచ్చేది ఒక్కటే, చర్చిలో గదిలా కట్టిన కూర్చునే చోటు, ప్రభువుల పెట్టె. ముందు వరుసలో మూడు వైపులా చెక్క గోడలు, నాలుగో వైపు కిటికీ, లోపల మెత్తని దిండ్లు, వీటన్నిటినీ మించి సొంత పొయ్యి. డన్‌వోల్డ్ ప్రభువు తప్ప అందులో ఎవరూ కూర్చోకూడదని పాత కట్టడి. ప్రభువు లేడు కాబట్టి పెట్టెకు గడియ. అక్కచెల్లెళ్ళు నడవకు అటొకరూ ఇటొకరూ చల్లటి బల్లల మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ ప్రార్థన చేసుకునేవారు. క్రీస్తు పశువుల పాకలో పుట్టాడని క్రిస్మస్‌కు పాదిరిగారు చెప్పినప్పుడల్లా ఇద్దరి కళ్ళూ ఆ చల్లారిన పొయ్యి మీదికి పోయేవి. పాకలో కనీసం పశువుల వెచ్చదనమైనా ఉండి ఉంటుంది.

ఆ బుధవారం నాన్న పుట్టినరోజు. ఏటా ఆ రోజు తోటమాలి టగ్‌వెల్ గుట్ట మీది వాళ్ళ ఇంటిపై కుటుంబం జెండా ఎగరేస్తాడు. తొమ్మిదింటికి లాగడం మొదలుపెట్టాడు. వానకు ఉబ్బిన తాడు సగం దాకా వెళ్ళి బిగుసుకుపోయింది. పైకీ రాదు, కిందికీ రాదు. నిచ్చెన గుట్ట అవతలి రైతు దగ్గర ఉంది. టగ్‌వెల్ నిచ్చెన కోసం వెళ్ళాడు. రైతు ఆ ఏటి ఆపిల్ సారా పీపా అప్పుడే తెరిచాడు. నిచ్చెన ఎక్కడికీ పోదు కదా అని టగ్‌వెల్ కూర్చున్నాడు. వంటమనిషికి ఆ రోజు సెలవు. ఇంట్లో ఎవరూ లేరు. ఇంటి మీద జెండా మాత్రం సగంలో వేలాడుతూ, ఆ ఇంట్లో ఎవరో పోయారని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చెబుతోంది.

బస్సు గుట్ట మలుపు తిరగగానే కండక్టరు టోపీ తీశాడు.

"చాలా బాధగా ఉందమ్మగారూ," అన్నాడు.

"ఏం, టిక్కెట్టు ధర పెంచారా?" అంది హెస్టర్.

"మీ జెండా సంగతమ్మా. సగానికి దించారు."

"నాకు ఆ గుట్టే సరిగ్గా కనపడటం లేదు నాయనా. కళ్ళజోడు విరిగింది. సరిగ్గా చూశావా?"

వెనక సీట్లో కోళ్ళ బుట్టతో కూర్చున్న మిసెస్ డాకెట్ ముందుకు వంగింది. "నేనూ చూశానమ్మా. ఆ ఇంట్లో ఉండేది మీరిద్దరే కదా. మీరు మాతో బస్సులో ఉన్నారాయె."

హెస్టర్ తీసివేత చేసింది. ఇద్దరిలోంచి ఒకరు పోతే ఒకరు. ఆ ఒకరు తనే.

"బస్సు ఆపు," అంది.

"ఆపుతానమ్మా. వెనక్కి బస్సు మధ్యాహ్నం దాకా లేదు. నడవాలంటే రెండు మైళ్ళు, పైగా వాన."

హెస్టర్ కూలబడి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. రెండు స్టాపుల దాకా ఆగలేదు. మూడో స్టాపులో మిసెస్ డాకెట్ చేతిరుమాలు అందిస్తూ, "కళ్ళు తుడుచుకోండి దొరసానిగారూ," అంది. దొరసాని ఎవరా అని చూడటానికి హెస్టర్ ఏడుపు ఆపింది. బస్సులో వేరే దొరసాని ఎవరూ లేరు.

ఇటు ఊళ్ళో, తపాలా ఆఫీసు నడిపే మిస్ క్రంప్ కిటికీలోంచి జెండా చూసింది. మార్జరీ గట్టు మీద నడిచి వెళ్ళడం అంతకుముందే చూసింది. ఆమె కూడా తీసివేత చేసింది. లెక్క అదే, మిగిలిన మనిషి వేరు. ఆ లెక్క పట్టుకుని పాదిరి హాస్కిన్స్‌గారింటికి పరుగెత్తింది. ఆయన అక్కచెల్లెళ్ళ ఇంటికి ఫోను చేశాడు. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. చావు ఇంట్లో ఫోనెవరు ఎత్తుతారని ఆయన చర్చికి వెళ్ళాడు.

"ఆ గుడ్డ కింద పెట్టండమ్మా," అన్నాడు.

"ఇంకా ఒక దీపస్తంభం మిగిలింది," అంది మార్జరీ.

"మీ అక్కగారు వెళ్ళిపోయారు."

"తెలుసు. కళ్ళజోడు కోసం పట్నం వెళ్తానంది."

"అంతకన్నా దూరం వెళ్ళారమ్మా."

మార్జరీ చేతిలోంచి గుడ్డ జారిపోయింది. "రాత్రి గోడ అవతల దగ్గింది," అంది. "విన్నాను. లేచి వెళ్ళి పలకరిద్దామనుకున్నాను. ఇంతలో నిద్ర పట్టేసింది. నన్ను ఇంటికి తీసుకెళ్ళండి."

"కారు మధ్యాహ్నం గాని దొరకదు. ఈ వానలో ఈ మోకాళ్ళతో మిమ్మల్ని నడిపించలేను. రండి, ఇలా వెచ్చగా కూర్చోండి దొరసానిగారూ."

ఆయన ప్రభువుల పెట్టె గడియ తీసి, పొయ్యిలో బొగ్గులు పేర్చి నిప్పు పెట్టాడు. మార్జరీ మొదట కిటికీ పక్క దిండు మీద కూర్చుంది. ఆ కిటికీకి ఒక అద్దం ఊడిపోయి ఉంది. చలిగాలి సూదిలా మెడలో దిగింది. ఏడుస్తూనే లేచి అవతలి దిండు మీదికి మారింది.

"పట్నంలో పూలకొట్టుకు ఫోను చేసి దండ చెప్పనా?" అని అడిగాడు పాదిరిగారు. "చీటీ మీద ఎవరి పేరు రాయమనాలి?"

ప్రభువులు సంతకంలో సొంత పేరు రాయరు, ఊరి పేరొక్కటే రాస్తారు. నాన్న అలా రాయడం మార్జరీ చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది. కాసేపు నిప్పులకేసి చూసింది.

"డన్‌వోల్డ్ అని రాయమనండి. అంతే చాలు."

తరువాత మోకాళ్ళకు వెచ్చదనం ఎక్కింది. ఆ చర్చిలో మార్జరీ మోకాళ్ళు నొప్పి లేకుండా ఉండటం అదే మొదలు. దుఃఖంలో నిద్రపోవడం పాపమా కాదా అని ఆలోచిస్తూనే ఆమె నిద్రపోయింది.

పట్నంలో హెస్టర్ కళ్ళజోడు మాట మరిచి నల్లటోపీ కొంది. కొట్టువాడు చాలా బాగుందన్నాడు, దొరసానిగారూ అని కూడా అన్నాడు. అక్కడి నుంచి పూలకొట్టుకు వెళ్ళి, లిల్లీపూల దండ చెప్పి, చీటీ మీద పెద్ద అక్షరాలతో డన్‌వోల్డ్ అని రాసింది. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. ఆమె వెళ్ళాక కొట్టు యజమాని భార్య, "ఇదే పేరుతో ఇందాక ఫోనులో ఒక దండ చెప్పారే," అంది. యజమాని ఆలోచించి, పెద్దింటివాళ్ళు దుఃఖం కూడా రెండేసి సార్లు పడతారు కాబోలని, రెండు దండలూ బండిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి ఊరు రెండుగా చీలింది. దారిలో బస్సు దిగినవాళ్ళ మాట విన్నవాళ్ళంతా మార్జరీ కోసం ఏడ్చారు, తపాలా ఆఫీసుకు వెళ్ళినవాళ్ళంతా హెస్టర్ కోసం. సారాకొట్టులో ఇద్దరు పెద్దమనుషులు ఏ అమ్మగారు పోయారన్న దాని మీద చొక్కాలు పట్టుకున్నారు. చివరికి, ఎవరు పోయినా పలకరించాల్సింది ఒకే ఇంటికి కదా అని, అందరూ నల్లబట్టలు వేసుకుని గుట్ట ఎక్కారు.

సరిగ్గా అప్పుడే టగ్‌వెల్ నిచ్చెన భుజాన వేసుకుని, కొంచెం తూలుతూ వచ్చాడు. టోపీలు చేత పట్టుకుని వస్తున్న జనాన్ని చూశాడు. జెండా వైపు చూశాడు. నిచ్చెన మెల్లగా నేల మీద పెట్టేశాడు.

"అయితే తాడుకే ముందు తెలిసిందన్నమాట," అని తనూ టోపీ తీశాడు.

బస్సు దిగి నల్లటోపీతో హెస్టర్ ఒకవైపు నుంచి, పాదిరిగారి పక్కన కారులో మార్జరీ ఇంకోవైపు నుంచి, ఇంటి మెట్ల దగ్గరికి ఒకేసారి చేరారు. హెస్టర్‌కు దూరం కనపడదు కాబట్టి బాగా దగ్గరికి వచ్చి చూసింది.

"నువ్వు పోయావన్నారు," అంది.

"నువ్వు పోయావనే నాకు చెప్పారు."

"ఎప్పుడట?"

"పొద్దున్నే. ఆ టోపీ కొత్తదా?"

"నీ కోసమే కొన్నాను."

ఇంతలో పూలబండి వచ్చింది. రెండు దండలు దించి మెట్ల మీద పక్కపక్కన పెట్టారు. పాదిరిగారు అలవాటు కొద్దీ వంగి చీటీలు పైకి చదివాడు. మొదటిది డన్‌వోల్డ్. రెండోదీ డన్‌వోల్డ్. చదివాక, చదవకుండా ఉంటే బాగుండేదని ఆయనకు తోచింది. జనంలో ఎవరో దగ్గారు. అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సంతకం బాగా తొందరగా నేర్చుకున్నావే," అంది హెస్టర్.

"నేను నోటితో చెప్పాను. నువ్వు చేత్తో రాశావు. అదీ ఎంత గుండ్రంగా రాశావో."

"ఏడ్చావా అసలు?"

"పొయ్యి రాజుకునే దాకా. నువ్వు?"

"రెండు స్టాపులు."

కన్నీళ్ళ లెక్క పెద్దదేమీ కాదు గాని, ఇద్దరూ దాచకుండా చెప్పారు. అన్నేళ్ళలో వాళ్ళ మధ్య నడిచిన మొదటి నిజమైన సంభాషణ బహుశా అదే. చెల్లించిన కన్నీరు తక్కువైనా, మారుమాట లేకుండా ఒప్పుకున్నందుకు దేవుడు కొంత కలిపి వేసుకుంటాడేమో.

"ఆ పెట్టెలో ఒక్కదాన్నే కూర్చున్నానక్కా," అంది మార్జరీ మెల్లగా. "వెచ్చగానే ఉంది. కానీ పాదిరిగారు ప్రసంగం సాగదీస్తున్నాడని ఇక మీదట ఎవరికి సైగ చెయ్యాలో తోచలేదు."

పాదిరిగారు పూల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నాకూ అంతే," అంది హెస్టర్. "టోపీ బాగుందని కొట్టువాడన్నాడు. వాడి మాటేం నమ్మకం. ఎలా ఉందో నిజం చెప్పడానికి మనిషి లేకపోయె."

"ఏం బాగోలేదు."

"అదే అనుకున్నాను," అంది హెస్టర్. ఆమె కళ్ళు మళ్ళీ తడిశాయి. ఈసారి స్టాపులు లెక్కపెట్టేవాళ్ళు లేరు.

పాదిరిగారు గొంతు సవరించుకున్నాడు. ఆయనకు దండల సంగతి మరిపించాలని ఉంది, చర్చి బొగ్గుల ఖర్చు కూడా ఎవరైనా పంచుకుంటే బాగుండునని ఉంది. "మీరిద్దరూ చెరి సగం హక్కుదారులు కదా," అన్నాడు. "రెండు సగాలూ పక్కపక్కన కూర్చుంటే ఒక పూర్తి ప్రభువు కూర్చున్నట్టే గదా. లండన్‌లో బిరుదులు చూసే ఆఫీసువాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. దేవుడికి అభ్యంతరమని నాకు బైబిల్లో ఎక్కడా కనపడలేదు."

"ఇన్నేళ్ళ నుంచి ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అంది హెస్టర్.

"ఇన్నేళ్ళ నుంచి మీరిద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడగా నేను చూడలేదమ్మా."

ఊరు తెచ్చిన రొట్టెలూ మాంసమూ పాడవకూడదని, చావు లేకపోయినా చావు భోజనం అందరూ కూర్చుని తిన్నారు. టగ్‌వెల్ చీకటి పడే ముందు నిచ్చెన వేసి తాడు కోసేశాడు.

ఆదివారం ఈశాన్యపు గాలి చర్చి గోడలను ఈలలు వేయిస్తోంది. అక్కచెల్లెళ్ళు చేతులు పట్టుకుని నడవ మధ్యలో నడిచి వచ్చారు. ఆ దృశ్యం చూసి మిస్ క్రంప్ కళ్ళు ఒత్తుకుంది. పెట్టె తలుపు దగ్గర మార్జరీ ఆగి, అక్కకు దారి ఇచ్చింది.

"నువ్వు పెద్దదానివి అక్కా. కిటికీ పక్కన, వెలుతురులో నువ్వు కూర్చో."

హెస్టర్ చెల్లెలి చెంప నిమిరి, చెప్పిన చోటే కూర్చుంది. కళ్ళజోడు ఇంకా బాగు చేయించుకోలేదు కాబట్టి, ఆ కిటికీకి ఒక అద్దం లేదన్న సంగతి ఆమెకు మొదటి కీర్తన అయ్యేదాకా తెలియలేదు.