అంతా కలుపే

వ్యవసాయ శాఖలో అందరూ ఆయన్ని ఉపన్యాసంగారు అనేవారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. “పురుగును తిట్టకండి, గట్టు మీది గడ్డిపువ్వును తొక్కకండి, మన పంటలో వాటికీ వాటా ఉంది” అని ఆయన అందుకుంటే రైతులు చప్పట్లు కొట్టేవారు. ఇంట్లో మాత్రం పెరట్లోకి ఆయన వెళ్ళేది తువ్వాలు ఆరేసుకోవడానికే.

పెరడు ఆయన భార్యది. ఆవిడ కోర్టులో టైపిస్టు. రోజంతా సాక్షుల మాటలు టైపు చేసీ చేసీ, ఇంట్లో కూరలో ఉప్పు సంగతి కూడా క్రాసు పరీక్షలాగే అడిగేది. పెరటి గోడ పక్కన మొలిచినదేదీ ఆవిడ పీకేది కాదు. గడ్డిపూలు, పిచ్చితీగలు, ఊరూపేరూ లేని పొదలు, వాటి మీద తేనెటీగల రొద.

మధ్యలో ఒకే ఒక్క గుమ్మడిపాదు. ఆవిడ తల్లి జీవితమంతా ఏటేటా విత్తనం దాచుకుంటూ వచ్చిన రకం. తల్లి పోయాక మిగిలిన గింజల్లో మొలిచింది అదొక్కటే. “ఇది కాయ నిలబెట్టకపోతే అమ్మ గుమ్మడి ఇక లేనట్టే” అని ఆవిడ చెప్పినప్పుడు, ఆయన పేపరు వెనకాల నుంచి “ఊఁ” అన్నాడు.

అలాంటి మనిషి ఒకరోజు ఆఫీసు మీటింగులో నోరు జారాడు. “అంత దూరం ఎందుకండీ, మా పెరటికి రండి. అంతా నా చేతులతో చేసిందే.” పెద్దాఫీసరు మహా సంతోషించి, శనివారం పొద్దున్నే రైతుల్ని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు పెద్దదైతే ఏమవుతుందో ఆయనకెవరూ చెప్పలేదు.

మర్నాడే, భార్య కోర్టుకు వెళ్ళగానే తోటపని మనిషిని పిలిపించాడు. దారిలో చెత్త కాస్త ఊడిపిస్తే చాలు, పేరు తనకొస్తుంది. అదీ పథకం. పని ఆ మనిషికి అప్పగించి, తాను లోపల అద్దం ముందు నిలబడి శనివారం ఉపన్యాసం వల్లె వేయసాగాడు.

కిటికీ దగ్గరికి తోటపని మనిషి వచ్చాడు. “అయ్యా, గోడ పక్కనున్నదంతా ఏం చెయ్యమంటారు?”

ఉపన్యాసంగారు అప్పుడే మంచి ఊపులో ఉన్నాడు. “ప్రకృతిని సేద్యంలో కలుపు! కలుపు, రైతన్నా, కలుపు!”

“అంతా కలుపేనా అయ్యా?”

“అంతా కలుపు,” అన్నాడాయన, అద్దంలోని తనకే వేలు చూపిస్తూ. “పూలు, తీగలు, పొదలు, ఏదీ వదలకుండా కలుపు.”

అంత స్పష్టంగా చెప్పాక ఏ పనివాడైనా ఎందుకు వదులుతాడు? ఉపన్యాసంగారు బయటికొచ్చేసరికి గోడకు ఇటుకలు కనిపిస్తున్నాయి. పాదు తప్ప పచ్చటిదంటూ ఏదీ లేదు. చెప్పుకోవడానికి సిగ్గు గానీ, ఆయనకది నచ్చింది. ఇప్పటికి పెరడులా ఉందనుకుని, ఆ మనిషికి టీ కూడా ఇచ్చాడు.

సాయంత్రం విచారణ మొదలైంది.

“గోడ పక్క ఏమైంది?”

“ఏ గోడ?”

“మనకున్నదొకటే.”

“మేక వచ్చినట్టుందోయ్.”

“కొడవలి పట్టుకునా?”

ఆయన చెప్పుల వైపు చూశాడు.

“అప్పుడు మీరెక్కడున్నారు?”

“లోపల. ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నా.”

“దేని మీద?”

“గట్టు పక్క మొక్కల్ని కాపాడుకోవడం మీద,” అన్నాడు. మైకు ఉన్నా వినిపించనంత మెల్లగా.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయనకు. ఆవిడ వెళ్ళి పాదు పక్కన కూర్చుంది.

మర్నాటి నుంచి పువ్వులు పొద్దున్నే విచ్చుకునేవి, ఎదురుచూసేవి, ఎండెక్కాక ముడుచుకుపోయేవి. తేనెటీగల జాడ లేదు. పిందెలు పసుపుబారి రాలిపోతుంటే ఆవిడ వాటిని ఏరి తెచ్చి, ఆయన కాఫీ తాగే కిటికీ గట్టు మీద పెట్టేది.

“ఏమిటోయ్ ఇవి?”

“సాక్ష్యాలు.”

ఆయన కాఫీ పక్కన పెట్టేశాడు. తేనెటీగ వాలని పువ్వుకు కాయ లేదని ఎన్ని సభల్లో చెప్పాడో. అన్నిసార్లూ చప్పట్లు విన్నాడు గానీ, తను చెప్పినది మాత్రం ఒక్కసారీ వినలేదు. ఆ సంగతి తెలిసేసరికి ఆయనకు తన మొహం తనకే చూపించుకోబుద్ధి కాలేదు. అద్దం ముందు వల్లె వేయడం మానేశాడు.

శనివారం పొద్దున పాదుకు మిగిలింది ఒకే ఒక్క ఆడపువ్వు. ఆయన భార్య కంటే ముందే లేచి, గడ్డం గీసుకునే బ్రష్షు పట్టుకుని వెళ్ళాడు. మగపువ్వులో బ్రష్షు అద్ది, మోకాళ్ళ మీద కూలబడి, పిందె ఉన్న పువ్వులో మెల్లగా తిప్పాడు. ముక్కు నిండా పుప్పొడి. “అత్తయ్యగారూ, తప్పయింది. ఈ ఒక్కటీ నిలబెట్టండి,” అని గొణిగాడు.

వెనకాల ఎవరో దగ్గారు. పెద్దాఫీసరు. ఆయన వెనక రైతులు.

“ఏం చేస్తున్నావయ్యా?”

ఆయన గబుక్కున బ్రష్షు వెనక్కి దాచుకున్నాడు. ఇంతలో భార్య వంటింట్లోంచి వచ్చింది.

“తేనెటీగ పనండీ. గోడ పక్క పూలమొక్కలు పీకేస్తే పంట ఏమవుతుందో మీకు చూపించాలని, అన్నీ దగ్గరుండి పీకించారు. ఇంట్లో ఉన్న ఒక్క పాదునూ పణంగా పెట్టారు,” అంటూ రాలిన పిందెల పళ్ళెం అందించింది.

పళ్ళెం చేతులు మారింది. “మేమూ గట్లన్నీ నున్నగా చెక్కేశాం,” అన్నాడు ఒక రైతు, పిందెను వేళ్ళతో నొక్కి చూస్తూ. “పిందెలు అందుకే నిలవడం లేదన్నమాట.”

“నువ్విచ్చిన ఉపన్యాసాలన్నిటిలో ఇదే గొప్పదయ్యా,” అన్నాడు పెద్దాఫీసరు. అందరూ చప్పట్లు కొట్టారు. అవన్నీ ఆయనకు చెంపల మీద పడుతున్నట్టే ఉన్నాయి.

“ఇక వారం వారం రైతుల్ని పంపిస్తా.”

“పంపించండి. గోడ పక్క మళ్ళీ పెరిగేదాకా ఈయన రోజూ ఇలాగే చేస్తారు,” అంది ఆవిడ.

వాళ్ళు వెళ్ళాక ఆయన తల వంచుకుని అన్నాడు. “నలుగురిలో నా పరువు కాపాడావు.”

“నేను కాపాడింది పాదును. నిజం చెప్పేస్తే మీరు రెండు రోజులు సిగ్గుపడి మర్చిపోయేవారు. పొగిడించాను కదా, ఇక తప్పించుకోలేరు.”

ఆ పిందె రాలలేదు. పిడికెడయింది, కొబ్బరికాయంతయింది. గోడ పక్క గడ్డి మళ్ళీ తలెత్తుతోంది గానీ ఇంకా పూతకు రాలేదు. ఒక పొద్దున పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, “కాయ భలే నిలిచిందే, ఎవరి చలవ?” అని అడిగింది.

బ్రష్షు పట్టుకుని మోకాళ్ళ మీదున్న ఉపన్యాసంగారు చెవులు రిక్కించాడు.

“మా ఇంటి తేనెటీగదండీ,” అంది భార్య. “రొద ఎక్కువ. నోరు మూసుకుంటే మాత్రం పని చేస్తుంది.”

ఆయన ఏదో అనబోయి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని, పక్క పువ్వు దగ్గరికి జరిగాడు.