ఇనుపగుండు టాన్సీ పౌరశాస్త్ర సమరము

స్వస్తి! పొగాకు నారు పొలములకెక్కి, గడ్డి కోయు యంత్రముల రొదతో దిక్కులు మారుమ్రోగు మే మాసపు శుక్రవారమున, భోజన ఘంటానాదానంతరమున, కెంటకీ సీమయందు చర్చిలెక్కువ, దుకాణములు తక్కువయైన మా హాలోవెల్ పురమున, ఇనుపగుండును గగనమునకు విసరి పుడమికి గోతులు పెట్టు ప్రచండ బాహుబలశాలిని, పతకాలంకృత టాన్సీ స్ట్రంక్ అను వీరకన్య కాగితమొకదానితో చేసిన ఘోరసంగ్రామమును ఆలకింపుడు.

ఆ సీమ ధర్మమిట్టిది. పరదేశములనుండి వచ్చి పౌరసత్వము కోరువారిని అడుగు ప్రశ్నలనే, అచ్చటనే పుట్టి అచ్చటి మొక్కజొన్న తిని పెరిగిన బిడ్డలను కూడ అడుగుదురు. వానిని గెలువక నల్లగౌను తొడుగరాదు, చదరపు టోపీ పెట్టరాదు, ఫుట్‌బాల్ మైదానమున నడచి పట్టా అందుకొనరాదు. ఓడినవారు ఎన్నిమారులైనను మరల దండెత్తవచ్చును. టాన్సీ అట్లే దండెత్తుచు, అట్లే వెనుదిరుగుచుండెను. పట్టాల పండుగ మరునాడే! తల్లి లోర్నా సగములోనే చదువు మాని పశువుల దాణా కొట్టున పనికి చేరినది. ఆ ఇంట ఇంతవరకు పట్టా అందుకొన్నవారే లేరు.

ఇంతకును ఆమె ఓటములకు మూలము గురూపదేశమే. ఫుట్‌బాల్ నేర్పువాడే పౌరశాస్త్రమును బోధించుట మా ఊరి ఆచారము; ఆటకు గురువు దొరకుట కష్టము, పాఠమునకెవరైన చాలునని పెద్దల నమ్మిక. అట్టి ఈలాలంకృత కంఠుడు, కోచ్ వోగెల్, ప్రభుత్వమనగా దాడి జట్టు, రక్షణ జట్టు, బంతి తన్ను జట్టు అని మూడు విభాగములుగా బోధించియుండెను. శిష్యురాలు గురువాక్యమును శిరసావహించి, ప్రభుత్వశాఖ ఒకదానిని పేర్కొనుమన్నచో ‘బంతి తన్ను జట్టు’ అనియు, ఏ శాఖయు మితిమీరకుండ ఆపునదేది అన్నచో ‘రిఫరీ ఈల’ అనియు వ్రాసి నేలకొరిగెను.

అంతట పరీక్షాధికారిణి, ఎఱ్ఱకలపు ధనుర్ధారిణి, మిసెస్ ప్రూయిట్ కోచ్‌ను నడవలో నిలబెట్టి ఇట్లు గర్జించెను.

“ఏమండీ కోచ్, పిల్లకి ఇవన్నీ మీరే చెప్పారటగా?”

“తలకెక్కాలని అలా చెప్పానండీ. ఎక్కిందా లేదా?”

“ఎక్కింది. ఆటెక్కింది, పాఠం ఎక్కలేదు!”

“పోనీలెండి మేడమ్, ఈసారి నేను పక్కన కూర్చోబెట్టి చెప్పాను. పిల్ల గట్టిది.”

ఇప్పుడు కడపటి యుద్ధము. గ్రంథాలయమున, తనవంటి క్షతగాత్రులైన సహాధ్యాయుల నడుమ, టాన్సీ ప్రశ్నావ్యూహమును ఛేదించుచు పోయెను. మూడు శాఖలు కూలినవి, రాజ్యాంగము లొంగినది, సెనేటర్ల సంఖ్య శరణు వేడినది. కొన్ని ప్రశ్నలు మాత్రము ఆమెనే కూల్చినవి. తుదకు ఒక్కటి మిగిలెను: ‘మన దేశమున ఉన్నది ఎట్టి ప్రభుత్వము?’

కలము ఆగెను. ఆ మాట ఆమెకు తెలియును! పసితనమునుండి ప్రతి ఉదయము తరగతిలో జెండావైపు తిరిగి చెప్పు ప్రతిజ్ఞలో అది నడుమ ఎక్కడనో కలదు. కాని కూర్చుండి తలచిన నోట రాదు. ఎట్లు వచ్చును? ఇన్నేండ్లును ఆ ప్రతిజ్ఞను ఆమె మెదడు చెప్పలేదు. నిదురకన్నులతో నిలిచిన కాళ్లును, గుండెపైనున్న చేయియు చెప్పినవి. గడియారము కదలుచుండెను. వీరకన్య కుర్చీ వెనుకకు తోసి, దిగ్గున లేచి, మూలనున్న జెండావైపు తిరిగి, గుండెపై చేయి వేసికొనెను.

ఆహా, ఏమని వర్ణింతును! కుర్చీల చప్పుడుతో గదిలోని వారెల్లరు లేచిరి. ఎందుకని ఒక్కడును అడుగలేదు. మిసెస్ ప్రూయిట్ కాఫీకప్పు బల్లపై పెట్టి లేచెను. ద్వారము దాటిపోవుచున్న కోచ్ వోగెల్ టోపీ తీసి, చేతనున్న హామ్ శాండ్‌విచ్‌తోనే గుండెను తాకెను. అందఱును గొణుగుచుండ, టాన్సీ పెదవులు తమంతట తామే కదలి కదలి ‘గణతంత్రము’ వద్దకు చేరెను. ఆమె తటాలున కూలబడి వ్రాసెను. తక్కినవారు ‘స్వేచ్ఛయు న్యాయమును’ అను తుదిపలుకుల దాక ప్రతిజ్ఞ పూర్తిచేసి గాని కూర్చుండలేదు.

“ఇంతకీ మనం ఎందుకు లేచాంరా?” అని వెనుకనుండి ఎవరో అడిగిరి.

ప్రూయిట్ మొగము ఎఱ్ఱబడెను. “టాన్సీ! పరీక్షలో నోరు విప్పకూడదని తెలీదూ? పేపర్ రద్దు చేయాల్సొస్తుంది.”

“మేడమ్, మీరు కూడా నోరు విప్పారు కదా.”

“నేను... నేను ప్రతిజ్ఞ చేశానమ్మా!”

“నేనూ అదే చేశాను మేడమ్.”

“జెండాకి దణ్ణం పెట్టిందని పిల్లని ఫెయిల్ చేస్తే, ఈ ఊళ్లో మనిద్దరం బతకగలమాండీ?” అని శాండ్‌విచ్ పాణి గుమ్మమునుండి పలికెను.

ఆ అధికారిణి చాలసేపు ఆలోచించెను. ఆమె కఠినురాలే కాని అన్యాయపరురాలు కాదు. ఎఱ్ఱకలము తీసి దిద్దెను, కూడెను, మరల కూడెను. ఉత్తీర్ణతా రేఖకు పైన సరిగా ఒక్క మార్కు!

బయట పాత పికప్ బండిలో, పనికి సెలవడిగి వచ్చిన లోర్నా గోళ్లు కొరుకుచు కూర్చుండెను. బిడ్డ మొగము చూచి తలుపు తీసికొని దిగెను.

“ఎన్నొచ్చాయే?”

“గీత మీద ఒక్కటే అమ్మా.”

“ఒకటా?”

“ఒకటే.”

“ఒకటి చాలే తల్లీ, గట్టెక్కావు.” లోర్నా బిడ్డను కౌగిలించుకొనెను. “నా క్లాసువాళ్లు పట్టాలు తీసుకున్నరోజు నేను ఆ మైదానం కంచె బయట నిలబడి చూశానే. రేపు లోపల కూర్చుంటాను. ముందు వరసలో.”

వినుడు, వినుడు! ఈ గాథ విన్నవారికి తమ నియోజకవర్గ ప్రతినిధి పేరు తెలియునని వాగ్దానము చేయజాలము. గెలిచిన టాన్సీకే తెలియదు. అయినను ఒక్క మార్కుతో మహాశత్రువు కూలెను, హాలోవెల్ పురమున జయభేరి మ్రోగెను, ముందు వరసలో ఒక కుర్చీ లోర్నాదాయెను.