హైడ్రోజన్ యాత్ర, తొలి దశ

పెట్రోలు అనే పదార్థాన్ని మన మనవలు మ్యూజియంలో, సీసాలో పెట్టి ఉండగా చూస్తారని ప్రత్యామ్నాయ ఇంధనాల మంత్రి విజయేందర్ గారు సుల్తానాబాద్ మార్కెట్ యార్డులో ప్రకటించారు. ఆ సమయంలో కరెంటు లేదు. డీజిల్ జనరేటర్ బ్రహ్మాండంగా నడుస్తోంది కాబట్టి ప్రకటన చివరి వరుస దాకా స్పష్టంగా వినిపించింది.

"పిస్టన్ లేని ఇంజిన్. పెట్రోల్ లేని కారు. పొగ లేని సఫర్" అన్నారు మంత్రిగారు. "హైడ్రోజన్ పోస్తే నడుస్తది, వెనక నీళ్లు తప్ప ఏం రాదు. మన సుల్తానాబాద్ యువ శాస్త్రవేత్త తయారు చేసిండు. వచ్చే శనివారం అదే కార్ల ఇక్కడికెళ్లి ఆదిలాబాద్ దాకా నేనే స్వయంగా పోత."

వడ్లెప్పుడు కొంటారని వెనక నుంచి ఒక రైతు అడిగాడు. వడ్లు ప్రత్యామ్నాయ ఇంధనం కిందికి రావని మంత్రిగారు ఓపికగా వివరించారు. అంత ఓపిక గల మంత్రి మాకు ఇంతకుముందు లేరు.

నేను ఒక దినపత్రికకు సుల్తానాబాద్ విలేకరిని. యువ శాస్త్రవేత్తను ఇంటర్వ్యూ చేసి పంపమని డెస్క్ నుంచి ఫోను వస్తే వెతుక్కుంటూ వెళ్లాను. యువ శాస్త్రవేత్త పేరు కైలాసం. వయసు యాభై తొమ్మిది. బొగ్గు గని వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరై, రైస్ మిల్లుల రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని పంపుసెట్లు బాగు చేస్తున్నాడు. నేను వెళ్లేసరికి ఒక పాత నీలం రంగు చిన్న కారు కింద పడుకుని ఉన్నాడు. ఆయన భార్య సమ్మవ్వ కారు వెనక గొట్టం కింద బకెట్ పెడుతోంది. గొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయి.

"ఏదో లీకవుతోందమ్మా" అన్నాను.

"లీకు కాదు బిడ్డా, అదే పొగ" అంది సమ్మవ్వ.

కైలాసం బయటికొచ్చి చేతులు తుడుచుకుని బానెట్ ఎత్తాడు. లోపల ఉన్నది ఇంజిన్ లాగా లేదు, మూత పెట్టిన గిన్నెలాగా ఉంది.

"మామూలు ఇంజిన్ల పిస్టన్ మీదికి కిందికి కొట్టుకుంటది రిపోర్టర్ సాబ్. దీంట్ల సమోసా అసొంటి ముక్క ఒకటి గుండ్రంగ తిరుగుతది. ఒక దిక్కు గ్యాస్ గుంజుకుంటది, ఇంకో దిక్కు మండుతది. హైడ్రోజన్‌కు తొందరెక్కువ. మామూలు ఇంజిన్ల వేడి జాగ తగలంగనే టైం కాకముందే అంటుకుంటది. దీంట్ల గుంజే జాగ వేరే, కాలే జాగ వేరే. గుంజే జాగ చల్లగుంటది. అందుకే దీనికి దానికి కుదిరింది."

"మరి కష్టమేముంది ఇందులో?"

"కొసలు. సమోసాకు మూడు కొసలుంటయి గదా, మూడూ గోడకు అతుక్కొనే తిరగాలె. జరంత సందు దొరికినా గ్యాస్ తప్పించుకుంటది. ఆ మూడు కొసలకే నాకు ఎనిమిదేండ్లు పట్టింది."

"ఎనిమిదేండ్ల సంది మా ఇంట్ల సమోసా పేరెత్తనియ్యలే నేను" అంది సమ్మవ్వ.

కారు వెనక సీటు తీసేసి అక్కడ రెండు ఎర్రటి హైడ్రోజన్ సిలిండర్లను పట్టీలతో బిగించారు. వాటితో నలభై కిలోమీటర్లు నడుస్తుందని కైలాసం చెప్పాడు. ఆదిలాబాద్ అంతకు చాలా దూరం. ఈ సంగతి మంత్రిగారి దృష్టికి తీసుకెళ్లగా, ఆదిలాబాద్‌ను రెండో దశలోకి మార్చి, తొలి దశ కరీంనగర్‌లో ముగుస్తుందని ఆ సాయంత్రమే ప్రకటన విడుదల చేశారు. ఇంత వేగంగా భూగోళాన్ని సవరించగల నాయకత్వం అరుదు.

యాత్రకు ముందు కారుకు కాగితాలు కావాలి. రవాణా ఆఫీసులో అధికారిణి పద్మలత గారు కంప్యూటర్ ముందు కూర్చుని ఇంజిన్ వివరాలు అడిగారు.

"సిలిండర్లు ఎన్ని?"

"ఇంజిన్ల సిలిండర్ ఉండది మేడం. రోటరీ ఇది" అన్నాడు కైలాసం.

ఆమె సున్నా కొట్టారు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టారు. మళ్లీ ఒప్పుకోలేదు.

"సిలిండర్ లేకుంట బండి ఎట్లుంటది? మీ బండిల ఏడ్నన్న ఒక్క సిలిండర్ అయినా లేదా?"

"వెనక సీటు జాగల రెండున్నయి మేడం. గ్యాసువి."

"మరి లేవంటరేంది" అని ఆమె రెండు అని కొట్టారు. కంప్యూటర్ సంతోషించింది.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర మాత్రం కుదరలేదు. పరీక్ష చేసే మనిషి గొట్టంలో కడ్డీ పెట్టి చూశాడు. తెర మీద అన్నీ సున్నాకు దగ్గరగానే వచ్చాయి. కడ్డీ బయటికి తీసి తుడిచి మళ్లీ పెట్టాడు.

"ఏం వస్తలేదు" అన్నాడు.

"ఏం రాదు. మంచిదే గదా" అన్నాడు కైలాసం.

"మంచిది కాదు పెద్దాయనా. ఏం రాకపోతే మిషన్ ఖరాబైందని పై నుంచి నోటీసు వస్తది. జర పొగ వచ్చేటట్టు చేయించుకొని తీస్కరా, పది నిమిషాలల్ల సర్టిఫికెట్ ఇస్త."

కైలాసం సర్టిఫికెట్ లేకుండానే ఇంటికొచ్చాడు. మంత్రిగారి పీఆర్వో భానుప్రసాద్ అప్పటికే షెడ్డులో ఎదురుచూస్తున్నాడు. ఈ రాష్ట్రంలో పని అంటే ప్రాణం పెట్టే అధికారుల్లో భానుప్రసాద్ ఒకరు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, జేబులోంచి టేపు తీసి పైకప్పు ఎత్తు కొలిచాడు.

"మంత్రిగారు ఆరడుగులు. దండ వేస్తే ఇంకా ఎక్కువ. దీంట్ల నిలబడి చెయ్యి ఊపుడు ఎట్ల?"

"కూసొని ఊపొచ్చు సార్."

"కూసొని ఊపితే పోతున్నట్టు కొడ్తది. నిలబడి ఊపితే వస్తున్నట్టు ఉంటది" అన్నాడు భానుప్రసాద్. ఇది నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మర్నాటికల్లా సమస్య తీరిపోయింది. పైకప్పు తెరుచుకునే పెద్ద తెల్ల బండి ఒకటి వచ్చింది. దాని నాలుగు వైపులా నీలం, ఆకుపచ్చ స్టిక్కర్లు: 'హైడ్రోజన్. రోటరీ. మనది.' ఒక పక్క మంత్రిగారి బొమ్మ, ఆయన నోట్లోంచి నీటి బొట్టు.

కైలాసం బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఇంజిన్ ఎప్పుడు మారుస్తరు సార్? దీని బరువుకు నాది చాలది. పెద్దది చెయ్యాలంటే నాకు ఆరు నెలలన్నా కావాలె."

"ఇంజిన్ లోపల ఉంటది పెద్దాయనా. జనానికి కనపడేది స్టిక్కరు. మొదటి దశల బాడీ, తర్వాతి దశల ఇంజిన్."

"అయితే ఇప్పుడు ఇది దేని మీద నడుస్తది?"

"ఆత్మవిశ్వాసం మీద" అని భానుప్రసాద్ నా వైపు చూశాడు. నేను అదీ రాసుకున్నాను.

శాస్త్రవేత్త కూడా మారాడు. ప్రకటనలో యువ శాస్త్రవేత్త అని వచ్చింది కాబట్టి యువకుడు కావాలి. మంత్రిగారి మేనల్లుడు సాయిచంద్‌కు ఇరవై ఆరేళ్లు, ఎంబీయే చదివాడు, తెల్ల కోటు సరిగ్గా సరిపోయింది. కైలాసం ఒకటే అడిగాడు.

"కరీంనగర్‌ల సభకు హైదరాబాద్‌కెళ్లి సైంటిస్టులు వస్తున్నరని పేపర్ల వచ్చింది. నిజమేనా సార్?"

"ముగ్గురు వస్తున్నరు."

"వాళ్లు నా ఇంజిన్ ఒక్కసారి చూస్తే చాలు. తప్పులుంటే చెప్తరు. ఎనిమిదేండ్లల్ల తెలిసినోళ్లు ఎవరూ చూడలే దీన్ని."

"చూద్దాం" అన్నాడు భానుప్రసాద్. "కానీ నీ బండి యాత్రల కనపడొద్దు. జనం కన్ఫ్యూజ్ అయితరు."

శనివారం పొద్దున తొమ్మిదింటికి యాత్ర బయలుదేరింది. పొగలేని ప్రయాణానికి మద్దతుగా అరవై రెండు డీజిల్ బండ్లు వెంట వచ్చాయి. ముందు బండి పైకప్పులోంచి మంత్రిగారు, ఆయన పక్కన తెల్ల కోటులో సాయిచంద్. ప్రెస్ వాళ్ల వ్యానులో కార్యకర్తలు కూర్చోవడం వల్ల నాకు చోటు దొరకలేదు. అందరూ వెళ్లిపోయాక రోడ్డు మీద నీలం కారు కనిపించింది. కైలాసం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, సమ్మవ్వ పట్టంచు చీర కట్టుకుంది.

"ఎక్కు రిపోర్టర్ సాబ్. చిట్టచివర దూరంగ పోతం, ఎవరికీ కనపడం" అన్నాడు కైలాసం.

నేను వెనక సిలిండర్ల పక్కన ఒదిగి కూర్చున్నాను. ఇంజిన్ తుమ్మెద లాగా మోగింది. ముందున్న అరవై రెండు బండ్ల పొగకు మేం అద్దాలు ఎత్తుకోవాల్సి వచ్చింది.

పన్నెండు కిలోమీటర్లు దాటాక అంతా ఆగిపోయింది. అక్కడ రోడ్డుకు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో మంత్రిగారి బండి నిలిచిపోయింది. ఏమైందో చూద్దామని కార్యకర్తలు ఒకర్ని దాటుకుని ఒకరు ముందుకు దూరడంతో, బండికి బండి ఆనుకుని, తలుపు తీసే సందు కూడా మిగల్లేదు.

నేను దిగి ముందుకు నడిచాను. తెల్ల బండి డ్రైవర్ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?"

"డీజిల్ అయిపోయింది" అన్నాడు గొంతు తగ్గించి. "హైడ్రోజన్ అని రాసిన బండిని బంకుల నిలబెడితే ఎవడన్న ఫోటో తీస్తడని పీఆర్వో సారు మూడు దినాల సంది బంకు దిక్కే పోనియ్యలే. బుధవారం నింపిన డీజిల్‌తోనే ఊరంత తిప్పిండ్రు."

కరీంనగర్‌లో పదకొండింటికి సభ. ముఖ్యమైన ఢిల్లీ అతిథి ఒకరు అప్పటికే వేదిక మీదికి వచ్చేశారని ఫోన్లు మోగుతున్నాయి. మంత్రిగారు నిర్ణయం తీసుకున్నారు. పైకప్పులోంచి కిందికి దిగి, దండతోనే, వడ్ల మీద నుంచి వెనక్కి నడిచారు. అరవై రెండు బండ్లూ ఇరుక్కునే ఉన్నాయి. వెనక్కి తిరగడానికి వీలున్నది చిట్టచివర దూరంగా నిలబడ్డ నీలం కారు ఒక్కటే.

"పెద్దాయనా, కాలువ కట్ట మీంచి కరీంనగర్ పోవచ్చా?"

"పోవచ్చు సార్" అన్నాడు కైలాసం కారు దిగి నిలబడి.

ముందు సీటు ఒక్కటే ఉంది. సమ్మవ్వ దిగింది. "మీరు పోండ్రి, నేను ఆటోల వస్త" అని చీర కుచ్చిళ్లు సర్దుకుని రోడ్డు పక్కన నిలబడింది. వెనక సిలిండర్ల పక్కన మళ్లీ నేనే ఒదిగి కూర్చోవడంతో గన్‌మన్‌కు కూడా చోటు లేకపోయింది. ప్రజల మీద అంత నమ్మకంతో మంత్రిగారు ప్రయాణించడం నేను చూడటం అదే మొదటిసారి.

కాలువ కట్ట మీద కారు మెత్తగా పరుగెత్తింది.

"పాత బండి అయినా మంచిగనే ఉంచుకున్నవ్. పెట్రోలేనా?" అన్నారు మంత్రిగారు.

"కాదు సార్. హైడ్రోజన్."

మంత్రిగారు నవ్వి కైలాసం భుజం తట్టారు. "అభిమానం ఉండాలె గానీ, ఇంత ఉండొద్దు."

"నిజమే సార్. రోటరీ ఇంజిన్. నేనే చేసిన. ఎనిమిదేండ్లు పట్టింది."

"చూసినవా రిపోర్టర్" అని మంత్రిగారు నా వైపు తిరిగారు. "పథకం జనంలకు ఎంత లోపలికి పోయిందో. పల్లెటూరి మెకానిక్ నోట్ల కూడా రోటరీ అనే మాట. ఇది రాయి."

నేను రాశాను. కైలాసం రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, గుంత వచ్చిన ప్రతిచోటా వేగం తగ్గించి, మంత్రిగారికి కుదుపు తగలకుండా నడిపాడు. పదకొండుకు అయిదు నిమిషాలుందనగా సభ దగ్గర దింపాడు. వేదిక మీద ముగ్గురు సైంటిస్టులు కూర్చుని ఉన్నారు. కైలాసం వాళ్లను చూసి బానెట్ ఎత్తి, పక్కన నిలబడ్డాడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా, మన హైడ్రోజన్ కారు దారి పొడుగునా అద్భుతంగ నడిచింది. జనం అభిమానంతోని చుట్టుముట్టి కదలనియ్యలే. టైంకు రావాలని, మనసు చంపుకొని, గిదో, గీ పాత పెట్రోల్ డబ్బాల వచ్చిన. మీరు క్షమించాలె. దారంత నాకు పొగకు ఒకటే దగ్గు. ఇసొంటి బండ్లు మన పిల్లల ఊపిరి తింటున్నయి. మాటలు వద్దు, చేతలు కావాలె. పాత బండ్ల తొలగింపు ఇయ్యాల, ఇక్కడ, గీ బండితోనే మొదలుపెడుతున్న."

చప్పట్లు మోగాయి. సైంటిస్టులు కూడా చప్పట్లు కొట్టారు. ముగ్గురిలో ఒకాయన మెడ చాచి బానెట్ వైపు కాసేపు చూశాడు గానీ, అప్పుడే ఆయనకు శాలువా కప్పారు. సభ దగ్గరున్న ట్రాఫిక్ పోలీసుల క్రేన్ వచ్చింది. మంత్రిగారు పచ్చజెండా ఊపారు. కారు ముందు చక్రాలు గాల్లోకి లేస్తుంటే వెనక గొట్టంలోంచి నీళ్లు కారాయి. రేడియేటర్ కూడా పాడైనట్టుందని ఎవరో అన్నారు.

కైలాసం అడ్డం పడలేదు. క్రేన్ వెంట నాలుగడుగులు నడిచి, "సిలిండర్లు జర జాగ్రత్త, ఎండల పెట్టకుండ్రి" అని డ్రైవర్‌కు చెప్పాడు.

సభ డ్యూటీ మీద వచ్చిన రవాణా ఆఫీసు పద్మలత గారు వేదిక పక్కన టేబుల్ వేసుకుని రసీదు రాసి ఇచ్చారు. స్వాధీనం చేసుకున్న వాహనం, రంగు నీలం, ఇంధనం పెట్రోలు. కైలాసం దాన్ని రెండుసార్లు చదివాడు. జేబులోంచి పెన్ను తీసి పెట్రోలు అన్న మాట కొట్టేసి, హైడ్రోజన్ అని రాసి, కింద సంతకం చేసి తిరిగిచ్చాడు.

"ఇట్ల దిద్దితే చెల్లది. మంత్రిగారే పెట్రోల్ అని మైకుల చెప్పిండ్రు గదా" అని ఆమె దాన్ని చింపి ఇంకోటి రాశారు.

ఆయన అందులోనూ కొట్టేసి హైడ్రోజన్ అని రాశాడు.

ఈలోగా సమ్మవ్వ ఆటో దిగి వచ్చింది. టేబుల్ మీద కాగితం చూసి, ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

వార్త పంపాల్సిన టైం దగ్గర పడిందని నేను లేచేసరికి పద్మలత గారు అయిదో రసీదు రాస్తున్నారు. కైలాసం పెన్నులో ఇంకు అయిపోతే సమ్మవ్వ ఎదురుగా ఉన్న దుకాణానికి వెళ్లి రెండు కొత్త పెన్నులు కొనుక్కొచ్చింది.